బటన్ నొక్కితే బండి స్టార్టు.. మరి బీమా సంగతి?

అమెరికాలో చలి ముదిరే కొద్దీ మన తెలుగువాళ్ల మధ్య ఒక ప్రశ్న తిరుగుతుంటుంది. 'బండికి రిమోట్ స్టార్టర్ పెట్టించావా?' అని. చికాగో, డెట్రాయిట్, మిన్నియాపొలిస్, బఫెలో చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఇదేమీ విలాసం కాదు. 2019 జనవరి 30న చికాగోలో ఉష్ణోగ్రత మైనస్ 23 డిగ్రీల ఫారన్‌హీట్‌కు దిగింది. మనకు అలవాటైన సెల్సియస్ లెక్కలో దాదాపు మైనస్ 31. రామగుండం ఎండలో, విజయవాడ ఉక్కపోతలో పెరిగిన ఒంటికి అలాంటి పొద్దుట గడ్డకట్టిన స్టీరింగ్ పట్టుకోవడం శిక్షే. ఇంట్లో కాఫీ తాగుతూ బటన్ నొక్కితే, మనం కిందికి దిగేసరికి అద్దాల మీద మంచు కరిగి, సీటు వెచ్చగా ఉంటుందంటే ఎవరికి మాత్రం చేదు?

కాబట్టి ఆ కోరికను మేము తప్పు పట్టడం లేదు. మా అభ్యంతరం వేరే ఉంది. కారు కంపెనీ నుంచి వచ్చిన రిమోట్ స్టార్టర్ ఒకటి, కారు కొన్నాక బయటి షాపులో రెండు మూడు వందల డాలర్లు ఇచ్చి పెట్టించుకునేది ఒకటి. ఈ రెండూ ఒకటే అని మనవాళ్లు చాలామంది అనుకుంటున్నారు. రెండోది పెట్టించుకుంటే కారు తాళం వ్యవస్థలో ఏం మారుతుందో, రేపు కారు పోతే బీమా కంపెనీ ఏం అడుగుతుందో ఎవరూ చెప్పరు, మనమూ అడగం. ఇండియాలో బండికి మడ్‌గార్డు మార్పించినంత తేలిగ్గా ఇక్కడ కారు వైరింగు కోయిస్తున్నాం. ఈ నాలుగు మాటలు రాస్తున్నది అందుకే.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇక్కడ కారంటే హోదా కాదు, అన్నం. ఓపీటీ మీద కొత్తగా చేరిన కుర్రాడికైనా, హెచ్-1బి మీద క్లయింటు ఆఫీసుకు నలభై మైళ్లు వెళ్లి వచ్చే ఇంజినీరుకైనా, గ్యాస్ స్టేషన్‌లోనో గోదాములోనో రాత్రి షిఫ్టు చేసే అన్నకైనా, కారు పోతే మర్నాడు పని పోయినట్టే. న్యూయార్క్, చికాగో నడిబొడ్డు వదిలేస్తే మిగతా ఊళ్లలో బస్సు, రైలు నమ్ముకుని బతకలేం. ఆ ఒక్క ఆస్తికి వేసిన తాళాన్ని మన చేతులతోనే బలహీనం చేసుకుంటున్నామా అన్నది ఆలోచించాల్సిన విషయం.

తాళంలో ఉన్న చిప్పు.. దాని విలువ

ముందుగా ఇమ్మొబిలైజర్ అంటే ఏమిటో తెలియాలి. కారు తాళం చెవి నల్లటి ప్లాస్టిక్ భాగంలో ఒక చిన్న చిప్పు ఉంటుంది. తాళం పెట్టగానే కారు కంప్యూటరు ఆ చిప్పును 'నువ్వెవరు?' అని అడుగుతుంది. సరైన జవాబు వస్తేనే ఇంజన్‌కు అనుమతి. అదే ఆకారంలో డూప్లికేట్ తాళం కోయించినా, స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పినా బండి కదలదు. బ్రిటన్‌లో 1998 అక్టోబర్ నుంచి, కెనడాలో 2007 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి. అమెరికాలో మాత్రం ఇప్పటికీ అలాంటి కేంద్ర నిబంధన లేదు.

ఆ చిన్న చిప్పు లేకపోతే ఏమవుతుందో మొన్నమొన్ననే అందరం చూశాం. 2015 మోడళ్లలో మిగతా కంపెనీల కార్లలో 96 శాతానికి ఇమ్మొబిలైజర్ ఉంటే, హ్యుందాయ్, కియా కార్లలో 26 శాతానికే ఉంది. ఆ లోపం 2021, 2022లో సోషల్ మీడియా వీడియోల ద్వారా కుర్రకారుకు తెలిసిపోయింది. మిల్వాకీలో మొదలైన దొంగతనాలు ఊరూరా పాకాయి. 2023 ఫిబ్రవరిలో ఆ కంపెనీలు దాదాపు 83 లక్షల కార్లకు ఉచితంగా సాఫ్ట్‌వేర్ మారుస్తామని ప్రకటించాల్సి వచ్చింది. ఈ దొంగతనాల వల్ల కనీసం 14 ప్రమాదాలు జరిగి 8 మంది చనిపోయారని రహదారి భద్రతా సంస్థ అప్పట్లో చెప్పింది. అంతకంటే ముందే, 2023 జనవరిలో, ప్రోగ్రెసివ్, స్టేట్ ఫామ్ వంటి పెద్ద బీమా కంపెనీలు కొన్ని నగరాల్లో ఆ మోడళ్లలో కొన్నింటికి కొత్త పాలసీలు ఇవ్వడం మానేశాయి. చిప్పు లేదన్న ఒక్క కారణానికి కారుకు బీమా దొరకడమే కష్టమైపోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తాళం లేకుండా ఇంజన్ స్టార్టు కాకూడదన్నది ఇమ్మొబిలైజర్ పని. తాళం లేకుండానే ఇంజన్‌ను స్టార్టు చేయడం రిమోట్ స్టార్టర్ పని. రెండూ ఎదురెదురు. మరి షాపువాడు ఎలా కలుపుతాడు? 'బైపాస్' అనే మాడ్యూల్ పెట్టి. పాత పద్ధతిలో అయితే మన దగ్గరున్న రెండో తాళం చెవినో, అందులోని చిప్పునో ఒక చిన్న డబ్బాలో పెట్టి డాష్‌బోర్డు కింద దాచేస్తాడు. రిమోట్ నొక్కినప్పుడు కారు ఆ డబ్బాలోని చిప్పును చూసి 'యజమానే వచ్చాడు' అనుకుంటుంది. కొత్త పద్ధతిలో చిప్పు బదులు, దానిలాగే జవాబు చెప్పే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది. ఏ పద్ధతైనా కారు లోపల కారును ఒప్పించగల సాధనం ఒకటి శాశ్వతంగా కూర్చుని ఉంటుంది. ఇంటికి తాళం వేసి, ఆ తాళం చెవిని గుమ్మం పక్కన పూలకుండీ కింద పెట్టినట్టు.

బాగా చేసిన పనిలో దీనికి కాపలా ఉంటుంది. రిమోట్‌తో స్టార్టు చేసినప్పుడు మాత్రమే ఆ మాడ్యూల్ మేలుకుంటుంది. తాళం లేకుండా ఎవరైనా లోపలికి వచ్చి బ్రేకు తొక్కితే ఇంజన్ ఆగిపోతుంది. బానెట్ ఎత్తితే ఆగిపోతుంది. అందుకే, తాళాన్ని బండికే వదిలేసి ఇంజన్ నడుస్తుండగా ఇంట్లోకి వెళ్లే అలవాటుతో పోలిస్తే మంచి రిమోట్ స్టార్టర్ ఎంతో నయం. ఈ మాట న్యాయంగా ఒప్పుకోవాలి. కానీ హడావుడిగా, చవకగా చేసిన పనిలో బానెట్ స్విచ్చి పెట్టరు. డబ్బాలోని చిప్పు ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. అప్పుడు ఆ కారుకు ఇమ్మొబిలైజర్ ఉన్నా లేనట్టే. హ్యుందాయ్, కియాలకు కంపెనీ చేసిన పని మనం మన క్యామ్రీకి డబ్బులిచ్చి చేయించుకున్నట్టు అవుతుంది.

గాల్లో సిగ్నల్, ఫోన్‌లో యాప్

ఇక రెండో సంగతి రిమోట్. మనం బటన్ నొక్కితే ఒక సంకేతం గాల్లో వెళుతుంది. దాన్ని ఎవరైనా పట్టుకుని మళ్లీ వాడకుండా ప్రతిసారీ సంకేతం మారే పద్ధతి పెట్టారు. అయితే ఆ మారే సంకేతాల్లో బాగా వాడుకలో ఉన్న కీలాక్ అనే పద్ధతిని 2007, 2008 సంవత్సరాల్లో బెల్జియం, ఇజ్రాయెల్, జర్మనీ పరిశోధకులు ఛేదించి చూపించారు. 2015లో శామీ కామ్కర్ అనే భద్రతా నిపుణుడు ముప్పై డాలర్ల పైచిలుకు సామాను‌తో చేసిన చిన్న పరికరంతో మారే సంకేతాన్ని కూడా దొంగిలించి దాచుకోవచ్చని లాస్ వేగాస్‌లో నిరూపించాడు. కంపెనీ తాళాలకూ ఈ బాధలు ఉన్నాయి. కాకపోతే కంపెనీ తాళంలో లోపం బయటపడితే వెనక ఒక కార్ల కంపెనీ ఉంటుంది, రీకాల్ ఉంటుంది, డీలర్ ఉంటాడు. ఊరూపేరూ లేని రిమోట్ కిట్‌కు ఎవరున్నారు?

ఇప్పుడు రిమోట్ పోయి ఫోన్ యాప్ వచ్చింది. ఇండియాలో ఉండి కూడా న్యూజెర్సీలో ఉన్న కారును స్టార్టు చేయొచ్చని మనవాళ్లు మురిసిపోతుంటారు. నిజమే. కానీ ఆ పని మనం చేయగలిగితే, మన ఖాతాలోకి దూరినవాడూ చేయగలడు. 2019 మార్చిలో బ్రిటన్‌కు చెందిన పెన్ టెస్ట్ పార్ట్‌నర్స్ నిపుణులు వైపర్, పాండోరా అనే రెండు పేరున్న కారు అలారం యాప్‌లను పరీక్షించారు. రెండింట్లోనూ ఇతరుల ఖాతాను స్వాధీనం చేసుకునే దారి దొరికింది. కారు ఎక్కడుందో చూడొచ్చు, తలుపులు తీయొచ్చు. ఆ రెండు యాప్‌ల కింద సుమారు 30 లక్షల వాహనాలు ఉన్నాయని అంచనా వేశారు. చెప్పగానే కంపెనీలు కొద్ది రోజుల్లో సరిచేశాయి. విచిత్రం ఏమిటంటే, వాటిలో ఒక కంపెనీ తమ అలారాన్ని ఎవరూ హ్యాక్ చేయలేరని ప్రచారం చేసుకుంది.

అదే ఏడాది ఏప్రిల్‌లో మైకార్ అనే మరో రిమోట్ స్టార్టర్ యాప్ లోగుట్టు కూడా బయటపడింది. యాప్ లోపలే ఒక యజమాని స్థాయి పాస్‌వర్డు రాసిపెట్టి ఉంది. సాఫ్ట్‌వేర్ రాసుకుని బతికే మనకు ఇది ఎంత పాపమో వేరే చెప్పక్కర్లేదు. కోడ్ రివ్యూలో ఇలాంటిది కనిపిస్తే ఎగిరిపడే మనమే, కారు దగ్గరికి వచ్చేసరికి యాప్ రంగు బాగుంది, ధర తక్కువ అని తెచ్చి పెట్టించుకుంటాం. ఆ లోపం కూడా తర్వాత సరిచేశారు. కానీ యాప్‌ను ఏనాడూ అప్‌డేట్ చేయనివాళ్లు, నాలుగేళ్లుగా ఒకటే పాస్‌వర్డు పెట్టుకున్నవాళ్లు మనలో ఎంతమంది లేరు?

చేతులు మారిన కారు, మారని రిమోట్

మనవాళ్ల మధ్య ఒక పద్ధతుంది. ప్రాజెక్టు అయిపోయి ఇండియా వెళ్లేవాడు తన కారును కొత్తగా వచ్చినవాడికి అమ్మేస్తాడు. నమ్మకం మీద బేరం. డీలర్ కమీషన్ ఉండదు, ఇద్దరికీ లాభం. మంచి పద్ధతే. అయితే అలా వచ్చిన కారులో రిమోట్ స్టార్టర్ ఉంటే, దానికి ఎన్ని రిమోట్లు నేర్పించారో కొత్త యజమానికి తెలియదు. ఒక రిమోట్ పాత యజమాని సూట్‌కేసులో హైదరాబాద్ చేరి ఉండొచ్చు, లేదా పాత రూమ్మేటు సొరుగులో ఉండొచ్చు. యాప్ అయితే పాత ఖాతా పేరు మీదే నడుస్తూ ఉంటుంది. అన్నయ్య మంచివాడే, మనం కాదనం. ఆయన ఫోన్ పోతే? ఆయన పాస్‌వర్డు లీకైతే?

అందుకే చేతులు మారిన కారు తీసుకునేటప్పుడు మొహమాటం వద్దని మా సలహా. 'అన్నా, తాళాలు ఎన్ని? చిప్పు తాళం ఒకటి డాష్‌బోర్డులో దాచి పెట్టించావా? యాప్ నీ పేరు మీద ఉందా?' అని మూడు ప్రశ్నలు అడగాలి. పాత రిమోట్లన్నీ తుడిచేసి ఉన్నవాటినే మళ్లీ నేర్పించడం షాపులో కొద్దిసేపటి పని. యాప్ ఖాతా బదిలీ చేయించుకోవాలి. కుదరకపోతే ఆ పరికరాన్ని పీకించేయడమే మంచిది. ఈ ప్రశ్నలకు జవాబు తెలియకపోతే బీమా క్లెయిము నాడు ఇబ్బంది ఎలా వస్తుందో ఇప్పుడు చూద్దాం.

బీమా.. అసలు మెలిక ఇక్కడే

అమెరికాలో కారు బీమా అంటే మనవాళ్లకు నెలకు ఎంత కట్టాలన్నదే లెక్క. ఏం వస్తుందన్నది తర్వాత. చట్టప్రకారం దాదాపు అన్ని రాష్ట్రాల్లో తప్పనిసరిగా ఉండాల్సింది లయబిలిటీ. అంటే మన వల్ల ఎదుటివాడికి జరిగిన నష్టానికి. మన కారు దొంగలెత్తుకుపోతే లయబిలిటీ పాలసీ పైసా ఇవ్వదు. దొంగతనం, అగ్నిప్రమాదం, వడగళ్లు, కారు మీద చెట్టు కూలడం, ఇవన్నీ కాంప్రహెన్సివ్ కిందకు వస్తాయి. ఐదారు వేల డాలర్ల పాత కారు కొన్న విద్యార్థి సాధారణంగా లయబిలిటీతో సరిపెడతాడు. అదే కారుకు మూడు వందలు పెట్టి రిమోట్ స్టార్టర్ పెట్టిస్తాడు. దొంగకు దారి చూపే వస్తువు మీద ఖర్చు పెట్టి, దొంగతనం నుంచి కాపాడే బీమా వదిలేయడమన్నమాట. ముందు వెనకలు తారుమారయ్యాయి.

కాంప్రహెన్సివ్ ఉన్నవాళ్లు కూడా నిశ్చింతగా ఉండటానికి లేదు. అజాగ్రత్త ఒక్కటే కారణం చూపి దొంగతనం క్లెయిమును తోసిపుచ్చడం అమెరికాలో మామూలుగా జరగదు. ఈ విషయంలో అనవసరంగా భయపెట్టడం మాకు ఇష్టం లేదు. కానీ క్లెయిము వేయగానే దర్యాప్తు ఉంటుంది. కారు తాళాలన్నీ అప్పగించమంటారు. రెండు తాళాలు ఉండాల్సిన కారుకు మనం ఒకటే ఇస్తే రెండోది ఏదని అడుగుతారు. 'స్టార్టర్ పెట్టినవాడు డాష్‌బోర్డులో పెట్టాడు' అంటే దానికి రసీదు కావాలి. రసీదు లేదు, నగదు ఇచ్చి ఎవరి గరాజులోనో చేయించాం. అప్పుడు మన మాటకు విలువ తగ్గుతుంది. డబ్బు రావడం నెలలు పడుతుంది. ఆ నెలల్లో పనికి ఎలా వెళతాం?

ఇంకా కొన్ని మెలికలున్నాయి. దొంగతనాన్ని అడ్డుకునే పరికరాలు ఉన్న కారుకు చాలా కంపెనీలు కాంప్రహెన్సివ్ ప్రీమియంలో తగ్గింపు ఇస్తాయి. ఇమ్మొబిలైజర్ ఉందని ఆ తగ్గింపు తీసుకుని, దాన్ని నిద్రపుచ్చే బైపాస్ పెట్టించి ఆ ముక్క చెప్పకపోతే, రేపు అడిగినప్పుడు మన దగ్గర మంచి జవాబు ఉండదు. బయట పెట్టించిన పరికరం విలువ కూడా మామూలు పాలసీలో పూర్తిగా రాకపోవచ్చు. దానికి విడిగా కస్టమ్ పరికరాల కవరేజీ ఉంటుంది, ఎంతవరకు అన్నది పాలసీ కాగితంలో రాసి ఉంటుంది. కారు లీజుదైతే అది మనది కాదు, లీజు కంపెనీది. అడగకుండా వైర్లు కోస్తే తిరిగి ఇచ్చే రోజున బిల్లు చేతిలో పెడతారు.

ఇదే సందర్భంలో మరో మాట. ప్రాజెక్టు మారి ఊరు మారినా, ప్రీమియం తక్కువని పాత ఊరి అడ్రసు మీదే బీమా నడిపించే అలవాటు మనలో ఉంది. డెట్రాయిట్‌లో నిలిపే కారుకు అయోవా అడ్రసు. దొంగతనం క్లెయిము దర్యాప్తులో మొట్టమొదట తేలేది ఇదే. కారు రోజూ రాత్రి ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నకు తప్పుడు జవాబిస్తే పాలసీ రద్దయ్యే ప్రమాదమే ఉంది. చెప్పని స్టార్టర్, చెప్పని అడ్రసు రెండూ కలిస్తే ఇక చెప్పేదేముంది? పైగా వీసా మీద ఉన్నవాళ్లం. మోసపు క్లెయిము అన్న మాట మన పేరు పక్కన పడితే దాని నీడ ఎంత దూరం వస్తుందో ఆలోచించండి.

వారంటీ విషయంలో మాత్రం ఒక అపోహ తొలగిపోవాలి. బయటి పరికరం పెడితే కారు వారంటీ మొత్తం పోతుందని డీలర్లు బెదిరిస్తుంటారు. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం అలా మొత్తంగా రద్దు చేయడం కుదరదు. కానీ ఆ పరికరం వల్లే చెడిపోయిందని చూపిస్తే ఆ మరమ్మతుకు వారంటీ నిరాకరించవచ్చు. వైరు చుట్టి టేపు వేసి వదిలేసిన పనిలో బ్యాటరీ రాత్రికి రాత్రి ఖాళీ కావడం, వైరింగు కాలడం జరిగితే ఆ ఖర్చు మనదే.

పోలీసు టికెట్టు, పక్కింటి ఫిర్యాదు

చట్టం సంగతి రాష్ట్రానికో తీరు. ఇంజన్ నడుస్తున్న కారును వదిలి వెళ్లడం చాలాచోట్ల నేరం. 2017 జనవరిలో మిషిగన్ రాష్ట్రం రోజ్‌విల్‌లో ఒకాయన తన ఇంటి డ్రైవ్‌వేలోనే తాళం వదిలి కారు వేడి చేసుకుంటుంటే పోలీసులు 128 డాలర్ల టికెట్టు రాశారు. పెద్ద చర్చ జరిగి, ఆ ఏడాదే రాష్ట్రం చట్టం మార్చింది. కొలరాడో 2016లో రిమోట్ స్టార్టర్‌తో నడిచే కార్లకు మినహాయింపు ఇచ్చింది. అక్కడ తాళంతో సహా నడుస్తూ నిలబడ్డ కార్లను పోలీసులు 'పఫర్లు' అంటారు. పొగ చిమ్ముతుంటే దొంగకు దూరం నుంచే కనిపిస్తాయని. న్యూజెర్సీలో, న్యూయార్క్ నగరంలో మూడు నిమిషాలకు మించి ఊరికే ఇంజన్ నడపకూడదన్న నియమం ఉంది, కొన్ని మినహాయింపులతో. ఎవరి ఊరి నియమం వాళ్లు కనుక్కోవడం మంచిది. తాళం వదిలేసిన కారును దొంగిలించి ఎవరినైనా గుద్దితే, యజమానికీ బాధ్యత ఉందని కొన్ని రాష్ట్రాల కోర్టులు చెప్పిన సందర్భాలూ ఉన్నాయి.

నిజానికి ఇప్పటి కార్ల ఇంజన్‌కు పావుగంట వేడి అక్కర్లేదు. అర నిమిషం ఆగి నెమ్మదిగా బయల్దేరితే చాలని అమెరికా ఇంధన శాఖే చెబుతోంది. పావుగంట వేడి మన ఒంటికోసం, అద్దాల కోసం. ఆ సుఖానికి ఎంత ధర పెట్టాలన్నది మనం తేల్చుకోవాలి.

అన్నిటికంటే పెద్దది ప్రాణం

కారు పోతే డబ్బు పోతుంది. గరాజు ఇంటికి ఆనుకుని ఉన్న టౌన్‌హోముల్లో పోయేది అంతకంటే పెద్దది కావొచ్చు. ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వాసన లేదు, రంగు లేదు. అగ్నిప్రమాదాలు కాకుండా, పొరపాటున ఈ వాయువు పీల్చి అమెరికాలో ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం లెక్క. లక్ష మందికి పైగా ఎమర్జెన్సీకి వెళుతున్నారు. ఇందులో పొయ్యిలు, జనరేటర్లు, హీటర్లు అన్నీ ఉన్నాయి, కార్లూ ఉన్నాయి. తాళం తిప్పే పని లేని కార్లను గరాజులో ఆపడం మరిచిపోయి చనిపోయినవాళ్ల గురించి 2018లో న్యూయార్క్ టైమ్స్ పెద్ద కథనం రాసింది. కొంతసేపటికి ఇంజన్ దానంతట అదే ఆగిపోయేలా నిబంధన తేవాలని 2021 నాటి మౌలిక సదుపాయాల చట్టంలో రాశారు.

రిమోట్ స్టార్టర్‌తో ఈ ప్రమాదం ఇంకో రూపంలో వస్తుంది. జేబులో బటన్ నొక్కుకుపోతుంది. పసివాడు ఆడుకుంటూ నొక్కుతాడు. కింద మూసిన గరాజులో కారు నడుస్తుంటుంది. పైన బెడ్‌రూములో ఇండియా నుంచి మనవడిని చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు నిద్రపోతుంటారు. గరాజు తలుపు తెరిచినా సరే, లోపల ఇంజన్ నడపకూడదన్నది నిపుణుల మాట. ఆరుబయట నిలిపిన కారుకైనా సైలెన్సర్ గొట్టం మంచులో కూరుకుపోతే పొగ కారులోకే తిరిగి వస్తుంది. ముందు గొట్టం చుట్టూ మంచు తీసి తర్వాత స్టార్టు చేయాలి. ఇంట్లో ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోవాలి. అది రిమోట్ స్టార్టర్ కంటే ఎంతో చవక.

గేర్ల కారుకు ఈ పరికరం పెట్టించడం మరీ ప్రమాదం. గేరులో వదిలేసి వెళితే, బటన్ నొక్కగానే కారు ముందుకు దూకుతుంది. ముందు ఎవరున్నారో ఇంట్లో ఉన్న మనకు తెలియదు.

మిగతా దేశాల్లో ఉన్న మనవాళ్లకు

గల్ఫ్‌లో ఉన్న మన అన్నదమ్ములకు సమస్య తలకిందులు. అక్కడ చలికి కాదు, ఎండకు పెట్టిస్తారు. జులైలో కారు ఎక్కేలోపు ఏసీ చల్లబడాలి. కారణం వేరైనా లోపాయికారీ ఒకటే. నడిపే బండి కఫీల్‌దో, కంపెనీదో, అద్దెదో అయితే వాళ్లని అడగకుండా వైరు ముట్టుకోవద్దు. ఏదైనా జరిగితే జీతంలోంచి కోసేది మనకే. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే దొంగతనానికి, కాలిపోవడానికి డబ్బు రాదని గుర్తుంచుకోవాలి. ఏసీ నడుస్తోంది కదా అని పిల్లల్ని కారులో వదిలి దుకాణంలోకి వెళ్లడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇంజన్ ఆగిపోవడానికి ఒక్క క్షణం చాలు.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు నియమాలు ఇంకా గట్టివి. మనిషి లేకుండా రోడ్డు మీద ఇంజన్ నడుస్తూ ఉండకూడదని 1986 నాటి నిబంధనలే చెబుతున్నాయి. బీమా తీసుకునేటప్పుడు కారుకు ఏమైనా మార్పులు చేశారా అని అడుగుతారు. దానికి జాగ్రత్తగా, నిజంగా జవాబు చెప్పే బాధ్యత మనదని 2012లో చట్టమే చేశారు. తాళాలు కారులో వదిలేస్తే దొంగతనం క్లెయిము చెల్లదన్న షరతు అక్కడి పాలసీల్లో మామూలే. కాబట్టి అమెరికాలో ఉన్న బావమరిది పెట్టించాడని లండన్‌లో మనం పెట్టించడం కుదరదు.

ఏం చేయాలి?

'అందరూ పెట్టించుకుంటున్నారు, ఎవరికేమైంది?' అని అడిగేవాళ్లు ఉంటారు. సీటు బెల్టు పెట్టుకోనివాళ్లూ అదే అంటారు. ఏమీ కానంతకాలం ఏమీ కాదు. అయిన రోజు కాగితాలు మాట్లాడతాయి.

మా మాట ఇది. కొత్త కారు కొనేటప్పుడైతే కంపెనీ రిమోట్ స్టార్టర్ ఉన్న మోడలే చూసుకోండి. బయట పెట్టించాల్సి వస్తే కారు పరికరాల పనిలో ఎంఈసీపీ సర్టిఫికేట్ ఉన్న మెకానిక్ దగ్గరికే వెళ్లండి. బైపాస్ ఏ రకం, చిప్పు డబ్బాలో ఉంటుందా, బానెట్ స్విచ్చి పెడతారా, తాళం లేకుండా బ్రేకు తొక్కితే ఆగుతుందా, ఎన్ని నిమిషాలకు దానంతట అది ఆగుతుంది అని అడగండి. పని అయ్యాక మీరే బ్రేకు తొక్కి, బానెట్ ఎత్తి పరీక్షించండి. పరికరం పేరు, మోడల్ నెంబరు, కారు విన్ నెంబరుతో రసీదు తీసుకుని దాచండి. రెండో తాళం చెవి మీ దగ్గరే ఉండాలి. ఆ మర్నాడే బీమా ఏజెంటుకు ఒక ఈమెయిలు పెట్టండి. ఫోన్‌లో చెబితే చాలదు, రాతలో ఉండాలి. యాప్ ఉంటే పాస్‌వర్డు విడిగా పెట్టుకుని, అప్‌డేట్లు వచ్చిన రోజే చేసుకోండి. స్థోమత ఉంటే కాంప్రహెన్సివ్ తీసుకోండి. రెంటిలో ఒకటే కుదిరితే స్టార్టర్ మానేసి కాంప్రహెన్సివ్ తీసుకోండి. చలికి మందపాటి గ్లౌజులు, మంచు గీకే బ్రష్షు ఉన్నాయి. పోయిన కారుకు అలాంటి ఉపాయం లేదు.

మన తెలుగు సంఘాలకూ ఒక విన్నపం. సంక్రాంతి సంబరాలు, మహాసభలు ఘనంగా చేస్తున్నారు, సంతోషం. ఆగస్టులో వేలమంది విద్యార్థులు కొత్తగా దిగుతారు. వాళ్లలో చాలామంది జీవితంలో మొదటిసారి మంచు చూసేవాళ్లే, మొదటిసారి కారు కొనేవాళ్లే. నవంబర్‌లోపు ఒక శనివారం ప్రతి ఊళ్లో చలికాలం కారు గురించి రెండు గంటల తరగతి పెట్టండి. ఒక బీమా ఏజెంటును, ఒక మెకానిక్‌ను పిలవండి. బీమా కాగితం చదవడం నేర్పండి. ఖర్చు ఒక హాలు అద్దె, నాలుగు పెట్టెల సమోసాలు. దానివల్ల ఒక్క కుర్రాడి కారు నిలిచినా, ఒక్క ఇంట్లో గరాజు పొగ పైకి రాకుండా ఆగినా ఆ డబ్బు వృథా పోలేదు.